అనంతపురం శివారులోని ఒక వ్యసన విముక్తి కేంద్రం: తమ్ముడిని చేర్పించిన అక్కగా నా అభిప్రాయం

ఈ కేంద్రం మీద నాకు మొదట నమ్మకం కలిగింది మా తమ్ముడిని చేర్చుకోవడానికి వారు ఒప్పుకోనప్పుడే. 2025 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం నేనూ మా మరదలూ అతణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని అక్కడికి వెళ్ళాము. నెల రోజుల ఖర్చుకు డబ్బు, బట్టల సంచి సిద్ధంగా పెట్టుకున్నాము. కౌన్సెలర్ డబ్బు మాట ఎత్తలేదు. చివరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత తాగుతాడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, మతి తప్పి మాట్లాడాడా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఒకసారి ఫిట్స్ వచ్చాయని చెప్పగానే కలం పక్కన పెట్టి, "ఈ రోజు ఇతన్ని మేము చేర్చుకోకూడదమ్మా. మొదటి అయిదారు రోజులు రాత్రీ పగలూ డాక్టరు అందుబాటులో ఉండే చోటే ఉండాలి. అవి దాటాక తీసుకురండి, మంచం ఉంచుతాము" అన్నారు. తాను రాసుకున్న వివరాల కాగితాన్ని మాకే ఇచ్చి, అదే ఆటోలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి పంపించారు.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ ఒకసారికి ఇరవై అయిదు మందికి మించి ఉండరు కాబట్టి, కేంద్రం పేరు, నెల, తమ్ముడి వృత్తి మూడూ కలిస్తే అతనెవరో మా ఊళ్ళో ఎవరైనా పోల్చుకోగలరు. తిరిగి పనిలోకి వెళుతున్న మనిషి మీద ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. అయినా ఇలాంటి చోటు కోసం వెతుకుతున్న కుటుంబానికి పేరు కంటే, అక్కడ ఏం చేశారు, ఎందుకు చేశారు, ఏది చేయలేకపోయారు అన్న వివరమే ఎక్కువ ఉపయోగపడుతుందని రెండేళ్ళకు పైగా తిరిగిన తర్వాత నాకు తెలిసింది. అందుకే దానిని వీలైనంత వివరంగా రాస్తున్నాను.

మా తమ్ముడికి నలభై ఒక్క సంవత్సరాలు. బోరు బండి మీద పదహారేళ్ళు పనిచేశాడు. మా జిల్లాలో బోరు వేయడమంటే వందల అడుగుల లోతుకు వెళ్ళినా నీరు పడుతుందన్న భరోసా లేని పని. రాత్రంతా ఆ దుమ్ములో, ఆ చప్పుడులో నిలబడి, నీరు పడని రైతు ముఖం చూసి, తెల్లవారాక నిద్ర పట్టక, నిద్ర కోసమని మొదలుపెట్టిన నైంటీ కొన్నేళ్ళకు క్వార్టర్ అయింది. 2022 నాటికి రోజుకు మూడు క్వార్టర్లు అయింది. ఉదయం పళ్ళు తోముకోకముందే చేతుల వణుకు ఆగడానికి ఒక గుక్క పడవలసి వచ్చేది. వణుకు ఆపుకోవడానికి తాగే దశ వచ్చిందంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటు పడిపోయిందని, ఇక అది ఇష్టాయిష్టాలతో తేలే విషయం కాదని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. మేము దానిని పొగరు అనుకున్నాము. మా నాన్న అతనితో మాట్లాడడం మానేశారు.

తాగుడు మానాలనుకునేవారు మాల వేసుకోవడం మా ప్రాంతంలో బాగా పాతుకుపోయిన ఆచారం. బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులోని పాండురంగస్వామి గుడిలో మాల వేసుకుంటే మళ్ళీ మందు ముట్టరన్న నమ్మకంతో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2022 కార్తీకంలో మా తమ్ముడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తూ కుళాయి దగ్గర పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక తెగి నోట్లో రక్తం వచ్చింది. నియమం తప్పాడని ఒకరు, చలి వల్లనని ఒకరు అన్నారు. అసలు కారణం అవేవీ కావు. మద్యం ఏళ్ళ తరబడి మెదడును అణచిపెట్టి ఉంచుతుంది, ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ వేగానికి కళ్ళెం ఉండదు. ఆఖరు గుక్క పడిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. 48 గంటలలోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు మతి భ్రమించే ప్రమాదం ఉంటుంది, దానికి చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు. మాలను నేను తప్పుపట్టడం లేదు. అటుపైన నిలిచిన రోజులన్నీ తోటి స్వాములే అతణ్ణి కన్నబిడ్డలా చూసుకున్నారు, ఆ తోడు ఎంత బలమో నేను కళ్ళారా చూశాను. రోజూ తాగేవారు మాలకు ముందు వారం పది రోజులు డాక్టరు ఇచ్చే మందులతో మాని ఆ తర్వాతే రావాలి అన్న ఒక్క మాట గురుస్వాములు చెప్పగలిగితే, కుళాయి దగ్గర పడిపోయేవారు కొందరైనా తగ్గుతారు. మా తమ్ముడు మాల తీసిన రోజు సాయంత్రమే బ్రాందీ షాపుకు వెళ్ళాడు.

మరుసటి వేసవిలో మా మరదలు, ఎవరో ఇచ్చిన తెల్లని పొడి పొట్లాలను అతనికి తెలియకుండా చారులో కలిపి పెట్టింది. తాగుడు మాన్పించే మందు అని చెప్పారు కాని అందులో ఏముందో చెప్పలేదు. నాలుగో రోజు రాత్రి తాగి వచ్చిన పావుగంటకు అతని ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. వాంతులు ఆగలేదు, గుండె ఎగిసిపడింది, రక్తపోటు పడిపోయింది. అర్ధరాత్రి ఆసుపత్రిలో డాక్టరు లక్షణాలను చూసి, అది డైసల్ఫిరామ్ అయి ఉంటుందని అన్నారు. ఒంట్లో మద్యం విరిగేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని శరీరం మామూలుగా వెంటనే తొలగించుకుంటుంది. ఈ మందు ఆ పనిని అడ్డుకుంటుంది. కాబట్టి తాగిన కొద్దిసేపటికే ఆ విషం రక్తంలో పేరుకుపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చు. ఇది మంచి మందే. కాని తాగేవారికి అన్నీ చెప్పి, వారి అంగీకారంతో, పరీక్షలు చేసి, డాక్టరు ఇవ్వవలసిన మందు. చారులో కలపవలసిన మందు కాదు. ఆ రాత్రి మా మరదలు ఆసుపత్రి వరండాలో, "నేనే సంపుకుంటాంటి గదా వదినా" అని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమెకు ఆ పొడి ఇచ్చిన మనిషికి ఆ ఏడుపు వినిపించదు.

ఇంకా, ఈ కేంద్రానికి ముందు చేర్పించిన మొదటి కేంద్రం సంగతి చెప్పాలి. అది ఈ జిల్లాలో లేదు, పేరు కూడా చెప్పను. 2023 చివరిలో మూడు నెలలకు డబ్బు ముందే కట్టించుకుని మా తమ్ముడిని తీసుకువెళ్ళారు. తీసుకువెళ్ళిన తీరు కూడా చెప్పుకోవాలి. తెల్లవారుజామున నలుగురు మనుషులు కారులో వచ్చి, నిద్రలో ఉన్నవాణ్ణి ఎత్తుకుని వెళ్ళారు. మేమే ఒప్పుకున్నాము. అలిసిపోయిన కుటుంబం ఎంతకైనా ఒప్పుకుంటుంది. అక్కడ గుండు గీశారు, సొంత బట్టలు తీసేసుకున్నారు, నలభై రోజుల వరకు ఫోన్ ఇవ్వలేదు. పాత రోగులే కొత్తవారికి కాపలా. డాక్టరు వారానికి ఒకసారి కూడా రాలేదని, వణుకుతున్నవారికి నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి మూలన కూర్చోబెట్టేవారని తమ్ముడు తర్వాత చెప్పాడు. మరుగుదొడ్లు కడగనన్నవారికి భోజనం ఆలస్యంగా పెట్టేవారట. మూడు నెలలు మందు ముట్టని మనిషి బయటికి వచ్చిన రోజే తాగాడు. తాగడానికి కారణాలన్నీ ఇంట్లో అలాగే ఉన్నాయి, అక్కడ పడిన అవమానం వాటికి తోడైంది.

అప్పుడు నాకు తెలియక ఊరుకున్న సంగతి ఒకటి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. ఆ చట్టం ప్రకారం బలవంతంగా గుండు గీయకూడదు, ఇష్టమైతే సొంత బట్టలు వేసుకోనివ్వాలి, పని చేయమని ఒత్తిడి చేయకూడదు, గొలుసులతో కట్టకూడదు, బయటివారితో ఫోన్లో మాట్లాడే హక్కు ఉండాలి. ఇలాంటి వైద్యం చేసే సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. రెండోదైన ఈ కేంద్రంలో ఆ నమోదు పత్రాన్ని ఫ్రేము కట్టించి గుమ్మం పక్కనే తగిలించారు. మొదటి కేంద్రంలో అలాంటి కాగితం ఉందా అని అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు.

కౌన్సెలర్ పంపిన ఆసుపత్రిలో గడిపిన ఆరు రోజుల గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఆ రోజులు సరిగా దాటకపోతే ఆ తర్వాత ఏ కేంద్రంలో చేర్చినా ఉపయోగం లేదు. ఓపీ చీటీ చేతికి వచ్చేలోపే కౌన్సెలర్ కాగితం చూసి లోపలికి పంపారు. గ్లూకోజు సీసా ఎక్కించడానికి ముందు విటమిన్ బి1 అంటే థయమిన్ సూది వేశారు. ఎందుకని అడిగితే అక్కడి యువ వైద్యురాలు ఓపికగా చెప్పింది. ఏళ్ళ తరబడి అన్నం మాని తాగినవారి ఒంట్లో ఈ విటమిన్ అడుగంటిపోతుంది, ఆ స్థితిలో ముందుగా గ్లూకోజు ఇస్తే మిగిలిన కొద్దిపాటి విటమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు, నడక తూలడం, చూపు చెదరడం, జ్ఞాపకం శాశ్వతంగా పోవడం దాకా వెళ్ళవచ్చు అని. తాగి పడిపోయిన మనిషికి ఊళ్ళో ముందుగా గ్లూకోజు పెట్టించడమే మాకు తెలిసిన వైద్యం. ఆ మాట విన్నాక మా ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి కూడా చెప్పి వచ్చాను.

ఇచ్చిన మత్తుమాత్రలు లోరాజిపామ్ రకానివి. కాలేయం అప్పటికే వాచి ఉండడం వల్ల ఆ రకాన్ని ఎంచుకున్నామని, రోజురోజుకూ మోతాదు తగ్గించి వారంలో ఆపేస్తామని చెప్పారు. మందులు ఇస్తున్నా మూడో రోజు రాత్రి అతనికి మతి తప్పింది. కళ్ళు తెరిచే ఉన్నాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడిచాడు. ఆ తర్వాత మంచం మీద కూర్చుని, లేని లివరు పట్టుకుని లాగుతూ, "రాడ్డు దించప్పా, నీళ్ళు తగల్తాండాయి, దించు" అని గంటసేపు బోరు వేశాడు. ఈ స్థితిలో చాలామంది తాము బతుకంతా చేసిన పనినే చేస్తారట, నేతగాడు నేస్తాడు, డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు. ఆ రాత్రి సిస్టరమ్మ గంటగంటకూ వచ్చి నాడి, రక్తపోటు, జ్వరం చూసింది, మందు పెంచింది, గదిలో దీపం ఆర్పవద్దని, అతన్ని పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతూ ఉండమని నాకు చెప్పింది. అయిదో రోజు ఉదయం లేచి, "అక్కా, నువ్వెప్పుడొచ్చినావు?" అని అడిగాడు. ఇదే రాత్రి మొదటి కేంద్రంలో గడిచి ఉంటే, నిమ్మకాయ నీళ్ళతో.

ఇక ఈ కేంద్రం. ఆరో రోజు సాయంత్రం చేర్చుకున్నారు. తన ఇష్టంతోనే చేరుతున్నట్టు తమ్ముడి చేతనే సంతకం పెట్టించుకున్నారు. వెళ్ళిపోవాలనుకుంటే ఎవరికి చెప్పాలో కూడా అతనికే చదివి వినిపించారు. గేటుకు తాళం ఉంది, కాని ఆదివారాలు కలవవచ్చు, రోజు విడిచి రోజు సాయంత్రం పది నిమిషాలు ఫోన్లో మాట్లాడవచ్చు. నెలకు 15,000 రూపాయలు, మందులు విడిగా. భోజనం ఇంటి భోజనమే: ఉదయం ఉగ్గాని, మధ్యాహ్నం రాగి సంగటిలో చెనిక్కాయల పచ్చడి, వారానికి ఒకసారి కోడి కూర. నీటి వసతి మాత్రం వేసవి మొదలయ్యేసరికి కష్టమైంది. అది మా జిల్లా కష్టమే.

నాకు ఎక్కువగా నచ్చినది చెప్పే పద్ధతి. కౌన్సెలర్ మొదటి ఆదివారం కుటుంబాలన్నిటినీ హాల్లో కూర్చోబెట్టి నల్లబల్ల మీద ఒక లెక్క వేశారు. క్వార్టర్ సీసాలో ఉండేది 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే అందులో అసలు మద్యం 77 మిల్లీలీటర్లు, బరువులో చెప్పాలంటే దాదాపు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగుడును అంచనా వేయడానికి వాడే కొలతలో ఒక డ్రింకు అంటే 10 గ్రాములు. కాబట్టి ఒక్క క్వార్టర్ ఆరు డ్రింకులతో సమానం, మూడు క్వార్టర్లు పద్దెనిమిది. "నేనేం ఎక్కువ తాగను, ఒక్క క్వార్టరే" అనే మాట ప్రతి ఇంట్లోనూ వింటాము. ఆ మాటకు అంత సూటిగా జవాబు చెప్పిన లెక్కను నేను ఇంతకుముందు చూడలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు దీనినే శాతాల లెక్కగా ఇవ్వవచ్చని నాకు అనిపించింది, ఇచ్చాను కూడా. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానం తర్వాత రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. ఆరు డ్రింకుల మద్యం వంద రూపాయల నోటుకు చిల్లర తిరిగి వచ్చే ధరలో ఉన్న ఊళ్ళో పిల్లలను పెంచుతున్నామని తెలిసే పెంచాలి.

కాలేయం గురించి చెప్పినప్పుడు కూడా భయపెట్టలేదు, దాచనూ లేదు. కాలేయంలో కొవ్వు చేరే దశలో మద్యం పూర్తిగా మానితే అది చాలావరకు మామూలు స్థితికి వస్తుంది. గట్టిపడి మచ్చలు పడే సిర్రోసిస్ దశకు చేరితే పోయినది తిరిగి రాదు, మానడం వల్ల మిగిలినది దక్కుతుంది. మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని 1988లోనే చేర్చిందని విన్నప్పుడు హాల్లో చాలామంది, పొగాకు సంగతి తెలుసు గాని ఇది తెలియదన్నారు. నాకూ తెలియదు.

అదే హాల్లో ఇంకో ఆదివారం చెప్పిన అంకె నన్ను చాలా రోజులు వదలలేదు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. ఆ రోజు హాల్లో మేము నలభై మందిమి ఉన్నాము, ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. మా కుటుంబాలలో ఒక్కొక్కదాని వెనుక చికిత్స మాటే వినని ఎన్ని ఇళ్ళు ఉన్నాయో లెక్కవేస్తే, మేము అక్కడికి చేరుకోవడమే ఎంత అరుదో తెలిసింది. సారాకు వ్యతిరేకంగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఉద్యమాన్ని నడిపినవారు ఇలాంటి స్త్రీలే. దాని వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, రెండేళ్ళలో రెండోది పోయింది. నిషేధం ఉన్నప్పుడైనా, ఎత్తేసినప్పుడైనా, అప్పటికే శరీరం బానిసైన మనిషిని ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్నకు ఆ స్త్రీలకు ఎవరూ జవాబు చెప్పలేదని నేను అనుకుంటాను.

మందుల విషయంలో మానసిక వైద్యుడు వారానికి మూడు రోజులు వస్తారు. తాగాలన్న తపనను తగ్గించే మందులలో, కాలేయం మీద భారం పడదని, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుందని చెప్పి అకాంప్రోసేట్ ఎంచుకున్నారు. రోజుకు మూడు పూటలా వేసుకోవాలి, కనీసం ఆరు నెలలు. డైసల్ఫిరామ్ సంగతి మేము చెప్పినప్పుడు మా మరదలిని ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. ఆమెను విడిగా కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. ఆ గంట తర్వాత ఆమె నిద్రపోవడం మొదలుపెట్టింది. తాగేవారి భార్యకు కూడా వైద్యం అవసరమని తెలిసిన చోటు ఇది. ఆదివారం మధ్యాహ్నం ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు వస్తారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడు నిలవడంతో మొదలైన సంఘం అది. రుసుము లేదు, పేర్లు అడగరు. పన్నెండేళ్ళుగా తాగని ఒక ఆర్టీసీ డ్రైవరు లేచి, "ఈ రోజు తాగలేదు, అంతే చెప్పగలను" అని కూర్చున్నాడు. మా తమ్ముడు ఇంటికి వచ్చాక ఎవరి మాటా పదేపదే చెప్పలేదు, ఆయన మాట తప్ప.

లోపాలు ఉన్నాయి, వాటిని దాచితే ఈ అభిప్రాయానికి విలువ లేదు. అన్నిటికంటే నన్ను బాధించినది, గంజాయికి అలవాటుపడి వచ్చిన పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలను యాభై ఏళ్ళ తాగుబోతులతో ఒకే హాల్లో ఉంచడం. వారి జబ్బు వేరు, వయసు వేరు, వారికి కావలసిన మాటలు వేరు. నేను చూసిన ముగ్గురిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని భయపడుతూ గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చిన్న వయసులో, బలమైన గంజాయి ఎక్కువగా తాగినవారికి అలాంటి మానసిక వ్యాధి వచ్చే ప్రమాదం ఎక్కువ. అతని తండ్రి కేసు పెడతారేమోనన్న భయంతోనే ఏడాది ఆలస్యం చేశానని నాతో చెప్పాడు. 1985 మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, వాడకం లేదా కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు తనంత తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలో గాని గుర్తింపు ఉన్న సంస్థలో గాని చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఈ సంగతి కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, లేదు. స్త్రీలకు ఇక్కడ మంచాలే లేవు. ఫోన్ చేసి అడిగిన ఒక తల్లిని వేరే ఊరికి వెళ్ళమన్నారు. గుట్కా రానివ్వరు కాని బీడీలు మాత్రం రోజుకు నాలుగు లెక్కన పంచుతారు. అన్నీ ఒకేసారి మానలేరని వారి వాదన, నేను దానితో ఏకీభవించను. రాత్రి పూట నర్సు ఒక్కరే ఉంటారు. తమ పరిమితి తెలిసి కష్టమైన కేసులను ఆసుపత్రికి పంపుతున్నారు కాబట్టి ఇప్పటికి అది సరిపోతోంది.

ముప్పై రోజులు నిండాక ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం మీద, అతనికి తాగాలనిపించే సమయాలు, చోట్లు, మనుషులు ఎవరో అతని చేతనే రాయించారు. మొదటి పేరు బోరు బండి. అందుకే తమ్ముడు ఇప్పుడు మోటారు వైండింగ్ షెడ్డులో పగటి పనికి వెళుతున్నాడు, సంపాదన తక్కువ. అయిదో నెలలో కల్యాణదుర్గం దగ్గర ఒక పెళ్ళిలో తాగాడు. మేము కుప్పకూలిపోయాము. మరుసటి ఉదయం అతనే కౌన్సెలర్‌కు ఫోన్ చేశాడు. ఆమె తిట్టలేదు, మళ్ళీ నెల రోజులకు డబ్బు కట్టమనలేదు, ఆ రోజే రమ్మని, డాక్టరుకు చూపించి, తాగడానికి ముందు మూడు రోజుల్లో ఏం జరిగిందో గంటగంటకూ చెప్పించారు. మాత్రలు వేసుకోవడం పది రోజుల ముందే ఆపేశాడని అప్పుడు బయటపడింది. చక్కెర జబ్బు ఉన్నవారికి చక్కెర మళ్ళీ పెరిగితే ఎలా చూస్తామో దీనినీ అలాగే చూడమని మా నాన్నకు ఫోన్లో చెప్పారు. మా నాన్న ఆ రోజు తమ్ముడితో మాట్లాడారు. మూడేళ్ళ తర్వాత.

మాలాగా వెతుకుతున్నవారికి కొన్ని వివరాలు. బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య కేంద్రం ఎంతో పేరున్నది, మాకు కూడా చాలామంది దాని పేరే చెప్పారు. కాని కూలి పోగొట్టుకుని పదే పదే రెండు వందల కిలోమీటర్లు వెళ్ళి రావడం మావంటి కుటుంబాలకు సాగదు, ఏడాది పొడవునా వెళ్ళగలిగిన దగ్గరి చోటే మాకు పనికివచ్చింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలలో చికిత్స ఉచితం, 14446కు ఫోన్ చేస్తే దగ్గరలో ఏది ఉందో చెబుతారు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రి పూట కూడా తెలుగులో మాట్లాడతారు. పెళ్ళి నుంచి వచ్చిన ఆ రాత్రి మా మరదలు ఆ నంబరుకే చేసింది. గంజాయి అమ్మేవారి గురించి సమాచారం ఇవ్వాలంటే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972. ఏ కేంద్రానికి వెళ్ళినా, డబ్బు కట్టకముందు నమోదు పత్రం చూపమని, మొదటి అయిదు రోజులు డాక్టరు ఎవరు చూస్తారని, ఫోన్లో మాట్లాడనిస్తారా అని అడగండి. ఇంటికి వచ్చి ఎత్తుకువెళతామన్నవారికి తలుపు తీయకండి.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించినది బీడీల కోసం కాదు, నీటి కోసం కాదు. ఇంటికి పంపేటప్పుడు ఏడాది పాటు నెలనెలా ఫోన్ చేస్తామని చెప్పారు, మూడు నెలలు చేశారు, ఆగిపోయింది. పెళ్ళి జరిగింది అయిదో నెలలో. తమ్ముడు తానుగా ఫోన్ చేశాడు కాబట్టి నిలబడ్డాడు. అతనితో పాటు అదే వారంలో ఇంటికి వెళ్ళిన ఇద్దరు చేయలేదు. ఆ సంగతి కిందటి నెల వారి అభిప్రాయాల పుస్తకంలో రాసి వచ్చాను. ఫోన్లు చేయడానికే ఒక మనిషిని పెడతామని నిర్వాహకులు అన్నారు. ఇంకా పెట్టలేదు. అంతవరకు తమ్ముడే ఆదివారాలు అక్కడికి వెళ్ళి రిజిస్టరు చూసి, తనతో ఉన్నవారికి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు.